గుడ్‌కీ వెరీ గుడ్‌కీ మధ్య
పదోన్నతుల పంచాయితీల్లో కోర్టులు ఏం చెప్పాయి?

1994 డిసెంబరు 16. సరిహద్దు రోడ్ల ఇంజినీరింగ్ సర్వీసులో సూపరింటెండింగ్ ఇంజినీర్లుగా ఎవరిని పంపాలో తేల్చడానికి శాఖాపరమైన పదోన్నతుల కమిటీ కూర్చుంది. అర్హుల జాబితాలో దేవ్ దత్ అనే ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ పేరుంది. ఆ హోదాలో ఉండాల్సిన అయిదేళ్ల సర్వీసు ఆయనకు 1993 ఫిబ్రవరికే నిండింది. అయినా కమిటీ ఆయన్ని పక్కనపెట్టి, ఆయనకంటే జూనియర్లను ఎంపిక చేసింది.

కారణం ఒక్క మాట. ప్రమోషన్ రావాలంటే గడిచిన అయిదేళ్ల రహస్య నివేదికలన్నిటిలోనూ ‘వెరీ గుడ్’ అని ఉండాలి. 1993-94 నివేదికలో పై అధికారి ‘గుడ్’ అని రాశారు. ఆ సంగతి దేవ్ దత్‌కు ఎవరూ చెప్పలేదు. చెడ్డగా రాస్తేనే ఉద్యోగికి తెలియజేయాలనీ, ‘గుడ్’ అన్నది మంచి మాటే కాబట్టి చెప్పక్కర్లేదనీ ప్రభుత్వం వాదించింది. హైకోర్టులో ఓడిపోయిన ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. తీర్పు 2008 మే 12న వచ్చింది. అప్పటికి ఆయన రిటైరైపోయారు.

ఏ ఆఫీసులోనైనా టీ వేళకు నలుగురు చేరితే జీతం, బదిలీ, ప్రమోషన్ అనే మూడు కబుర్లు తప్పవు. జీతం తక్కువైతే సర్దుకుంటారు, బదిలీ అయితే సామాను సర్దుకుంటారు. నిన్నటిదాకా తన దగ్గర పని నేర్చుకున్నవాడు రేపటి నుంచి తనకు ఫైలు మీద నోట్ రాస్తాడంటే మాత్రం నిద్ర పట్టదు. అలా నిద్రపట్టని ఉద్యోగులు వేసిన కేసులే మన సర్వీసు చట్టాన్ని ముక్కముక్కగా నిర్మించాయి. ఆ కేసులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఉద్యోగులు అడిగినవి ముఖ్యంగా రెండే: మా గురించి రాసిన కాగితం మాకు చూపించండి, మా వంతు వచ్చినప్పుడు వేళకు చూడండి.

హక్కు ఎంతవరకు?

ముందుగా ఒక అపోహ తొలగాలి. ప్రమోషన్ అన్నది ఉద్యోగి హక్కు కాదు. ప్రమోషన్‌కు తన పేరును న్యాయంగా పరిశీలించమని అడగడం హక్కు. రాజ్యాంగంలోని 14వ అధికరణం చట్టం ముందు అందరూ సమానమని చెబుతుంది. 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల్లో సమాన అవకాశానికి హామీ ఇస్తుంది. అర్హత ఉన్న ఉద్యోగి పేరు అసలు పరిశీలించకుండా వదిలేస్తే అది ప్రాథమిక హక్కుకే భంగమని 1999లో అజిత్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. పరిశీలించాక ఎంపిక చేయకపోతే, ఆ పరిశీలన నిబంధనల ప్రకారం జరిగిందా లేదా అన్నంతవరకే కోర్టు చూస్తుంది. ఎవరు ఎంత సమర్థులో తూచే తక్కెడ కమిటీ చేతిలోనే ఉంటుంది.

ఆ తక్కెడ పట్టుకున్నవాళ్లే అభ్యర్థులైతే? 1969లో తీర్పు వచ్చిన క్రైపాక్ కేసులో జరిగింది అదే. జమ్మూ కాశ్మీర్ నుంచి భారతీయ అటవీ సర్వీసుకు అధికారులను ఎంపిక చేసే బోర్డులో, అక్కడి తాత్కాలిక చీఫ్ కన్జర్వేటర్ సభ్యుడు. ఆయనే ఆ పోస్టుకు అభ్యర్థి కూడా. తన పేరు చర్చకు వచ్చినప్పుడు ఆయన బయటికి వెళ్లారు. పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు మాత్రం కూర్చున్నారు. జాబితాలో ఆయన పేరు పైన నిలిచింది. సుప్రీంకోర్టు ఆ ఎంపిక మొత్తాన్నీ కొట్టేసింది. పక్షపాతం నిజంగా జరిగిందని రుజువు కానక్కర్లేదు, జరగడానికి తగిన ఆస్కారం కనిపిస్తే చాలునని చెప్పింది.

పెళ్లి చేసుకుంటే రాజీనామా

పరిశీలించేవాళ్ల మనసులోని పక్షపాతం ఒక ఎత్తు, నిబంధనల పుస్తకంలోనే అచ్చయిన పక్షపాతం మరో ఎత్తు. ఆ రెండో దానితో తలపడిన మనిషి సి.బి. ముత్తమ్మ. కొడగు ప్రాంతపు విరాజ్‌పేటలో పుట్టి, మద్రాసులో చదువుకుని, సివిల్ సర్వీసుల పరీక్ష రాసి 1949లో భారత విదేశాంగ సర్వీసులో చేరిన మొదటి మహిళ ఆమె. ఇంటర్వ్యూ నాడే ఈ సర్వీసు వద్దులెమ్మని ఆమెను వెనక్కి లాగే ప్రయత్నం జరిగింది. చేరేటప్పుడు, పెళ్లి చేసుకుంటే రాజీనామా చేస్తానని హామీపత్రం రాయించుకున్నారు. మహిళా అధికారి పెళ్లికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని ఒక నిబంధన, పెళ్లయిన స్త్రీకి ఈ సర్వీసులో నియామకం హక్కుగా దక్కదని మరో నిబంధన. మగ అధికారులకు ఇవేవీ లేవు.

మూడు దశాబ్దాల సర్వీసు తర్వాత, గ్రేడ్ వన్ హోదా దగ్గర ఆమెను ఆపేశారు. తనకంటే వెనకాల చేరినవారు ముందుకు వెళ్లారు. 1979లో ఆమె నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లారు. కేసు నడుస్తుండగానే ప్రభుత్వం ఆమెకు ప్రమోషన్ ఇచ్చేసి, ఇక ఈ పిటిషన్‌తో పనేముందన్నది. పెళ్లయిన స్త్రీల నియామకం మీది నిబంధనను 1973లోనే తీసేశామనీ, పెళ్లి అనుమతి నిబంధననూ తీసేస్తున్నామనీ చెప్పింది. జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ధర్మాసనం ఆ ఏడాది సెప్టెంబరులో పిటిషన్ ముగించింది గానీ సమస్యను ముగించలేదు. స్త్రీల పట్ల వివక్ష చూపే సర్వీసు నిబంధనలన్నిటినీ ప్రభుత్వం తనకు తానే ప్రక్షాళన చేసుకోవాలని గట్టిగా చెప్పింది. కొన్ని నెలల ఆలస్యం వల్ల జూనియర్ల కంటే ఆమె వెనకబడిపోయిన సీనియారిటీని మళ్లీ పరిశీలించమంది. ముత్తమ్మ 1982లో రిటైరయ్యారు. తర్వాత ఈ సర్వీసులోకి వచ్చి, పెళ్లి చేసుకుని, రాయబారులైన మహిళలందరి ముందూ ఆమె నడిచిన దారి ఉంది.

నిబంధన పైకి అందరికీ ఒకేలా కనిపిస్తూ కొందరినే దెబ్బతీసే సందర్భాలూ ఉంటాయి. ఇలాంటి కేసుకు మూలపాఠం అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రపు డ్రేపర్ అనే ఊరి విద్యుత్ కేంద్రం నుంచి వచ్చింది. అక్కడ నల్లజాతి కార్మికులను కూలి విభాగంలోనే ఉంచేవారు. ఆ విభాగంలో అతిపెద్ద జీతం కూడా మిగతా విభాగాల్లోని అతిచిన్న జీతం కంటే తక్కువ. 1965లో వివక్ష నిరోధక చట్టం అమల్లోకి రాగానే, మంచి విభాగాలకు మారాలంటే హైస్కూలు పట్టా ఉండాలి, లేదా రాత పరీక్షలు పాసవ్వాలి అన్నది కంపెనీ. ఆ పరీక్షలకూ చేయబోయే పనికీ సంబంధం లేదు. 1971లో గ్రిగ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, ఉద్దేశం ఏదైనా ఫలితం వివక్షే అయితే, పనికి అవసరమని రుజువు చేయలేని షరతు చెల్లదని తేల్చింది.

యాభై ఏళ్ల తర్వాత ఆ తీర్పు ఢిల్లీలో వినిపించింది. 2020 ఫిబ్రవరిలో బబితా పునియా కేసు గెలిచిన మహిళా సైనికాధికారులకు పర్మనెంట్ కమిషన్, అంటే రిటైరయ్యేదాకా కొనసాగే హోదా, తలుపు తెరుచుకుంది. కల్నల్ హోదాకూ ఆపై హోదాలకూ దారి ఆ తలుపులోంచే. తీరా బోర్డు కూర్చున్నాక చాలామందిని తిప్పిపంపారు. వాళ్ల పాత వార్షిక నివేదికలు ఎలా రాసి ఉన్నాయో ఆలోచిస్తే ఎందుకో అర్థమవుతుంది. ఈ అధికారులు కొన్నాళ్లకు వెళ్లిపోయేవాళ్లే అన్న లెక్కతో, పై అధికారులు వాళ్ల నివేదికలను పైపైన నింపేవారు. ముందుకు వెళ్లే మగ అధికారులకు మాత్రం శ్రద్ధగా రాసేవారు. ఏళ్ల తర్వాత ఆ రెండు రకాల నివేదికలనూ ఒకే తక్కెడలో పెట్టారు. మగవారికి చిన్న వయసులో పెట్టిన వైద్య పరీక్షనే ఈ మహిళలకు నలభైల్లో, యాభైకి దగ్గరపడ్డాక పెట్టారు. 2021 మార్చి 25న నితీషా కేసులో జస్టిస్ డి.వై. చంద్రచూడ్ ధర్మాసనం దీన్ని పరోక్ష వివక్ష అన్నది. 60 శాతం మార్కులు దాటినవారికి, వైద్య, క్రమశిక్షణ షరతులకు లోబడి, పర్మనెంట్ కమిషన్ ఇవ్వమని ఆదేశించింది.

సీనియారిటీయా, ప్రతిభా?

తెలుగు నేల నుంచి వెళ్లిన కేసులు కూడా దేశమంతటికీ పాఠాలయ్యాయి. అందులో ఒకటి కడప కేంద్రంగా పనిచేసిన రాయలసీమ గ్రామీణ బ్యాంకుది. ఆ బ్యాంకులో పదోన్నతులు సీనియారిటీ-కమ్-మెరిట్ పద్ధతిలో జరగాలి. ఆ మాటకు అర్థమేమిటన్నదే తగవు. 1998లో శివయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని విప్పి చెప్పింది. పై పోస్టులో పని చేయడానికి కనీసం ఎంత సామర్థ్యం కావాలో ముందు గీత గీయాలి. ఆ గీత దాటినవాళ్లందరిలో సీనియర్‌కే పోస్టు. జూనియర్ ఎంత చురుకైనవాడైనా ఆగాల్సిందే. అందరికీ మార్కులు వేసి ఎక్కువ వచ్చినవాళ్లను ఏరుకుంటే అది మెరిట్-కమ్-సీనియారిటీ అవుతుంది, అది వేరే పద్ధతి. అక్కడ ప్రతిభకే పెద్దపీట, ఇద్దరూ సమానమైతేనే సీనియారిటీ చూస్తారు. తన సర్వీసు రూల్సులో ఈ రెంటిలో ఏ మాట ఉందో ప్రతి ఉద్యోగీ ఒకసారి తెరిచి చూసుకోవాలి. చాలా కేసులు అక్కడే గెలుస్తాయి, అక్కడే ఓడతాయి.

రెండో కేసు ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్లు, స్టాంపుల శాఖది. సబ్ రిజిస్ట్రార్ గ్రేడ్ టూ పోస్టులకు గుమస్తాల నుంచి ప్రమోషన్ ఇవ్వడానికి 1976 సెప్టెంబరుకల్లా ప్యానెల్ సిద్ధం కావాలి. కాలేదు. జాబితా తయారయ్యేసరికి 1977 వచ్చింది, ఈలోగా నిబంధనలు మారాయి. పాత నిబంధనల కింద అవకాశం ఉండి, కొత్తవాటి కింద నష్టపోయినవాళ్లు కోర్టుకెక్కారు. 1983లో వై.వి. రంగయ్య కేసు తీర్పు వాళ్ల పక్షాన నిలిచింది. ఖాళీ ఏర్పడిన నాటికి ఏ నిబంధన ఉందో దాని ప్రకారమే ఆ ఖాళీ నింపాలన్నది. అప్పటి నుంచి దేశంలో ఏ మూల సర్వీసు కేసు నడిచినా, లాయర్ల నోట రంగయ్య పేరు వినిపించేది.

ఆ పేరు నలభై ఏళ్లకు దగ్గరగా నిలిచింది. 2022 మే 20న హిమాచల్ ప్రదేశ్‌కు చెందిన రాజ్‌కుమార్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం రంగయ్య తీర్పును పక్కనపెట్టింది. ఈ రాజ్‌కుమార్ తీర్పు రాసిన జస్టిస్ పి.ఎస్. నరసింహ కూడా తెలుగువారే. ఖాళీ ఎప్పుడు ఏర్పడిందన్నది ముఖ్యం కాదు, పరిశీలన జరిగే రోజున అమల్లో ఉన్న నిబంధన కిందే ఉద్యోగికి హక్కు ఉంటుందని తేల్చింది. పోస్టులను ఎలా తీర్చిదిద్దుకోవాలో ప్రభుత్వానికి స్వేచ్ఛ ఉండాలన్నది అందులోని ఆలోచన. అది సబబే. కానీ దాని బరువు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. ఇప్పుడు ప్యానెల్ ఒక్క ఏడాది ఆలస్యమై, ఆలోగా నిబంధన మారితే, రంగయ్య పేరు చెప్పి పాత హక్కు అడగడానికి లేదు. అందుకే ప్యానెల్ వేళకు వేయడం మునుపటి కంటే ఎక్కువ అవసరమైంది.

నిబంధన మారినప్పుడు పడే బరువు ఎంతో బడి పంతుళ్లకు తెలుసు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, అయిదేళ్ల కంటే ఎక్కువ సర్వీసు మిగిలిన ఉపాధ్యాయులు రెండేళ్లలో ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) పాసవ్వాలన్నది. అంతకంటే తక్కువ మిగిలినవారు టెట్ లేకుండా కొనసాగవచ్చు గానీ, ప్రమోషన్ కావాలంటే టెట్ తప్పదన్నది. పాతికేళ్లు పాఠం చెప్పినవారు మళ్లీ పుస్తకం పట్టి పరీక్ష హాల్లో కూర్చోవాల్సి వచ్చింది.

మూసి ఉంచిన కవరు

ఆఫీసుల్లో ఇంకో భయం ఉంది, విచారణ. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాస్తే చాలు, ప్రమోషన్ ఆగిపోతుందని ఉద్యోగులు హడలిపోతుంటారు. విచారణలో ఉన్న అధికారి విషయంలో కమిటీ తన నిర్ణయాన్ని సీల్డ్ కవర్లో పెట్టి, విచారణ ముగిశాక తెరుస్తుంది. పద్ధతి మంచిదే. అయితే ఎప్పటి నుంచి కవరు మూయాలి? 1991లో జానకీరామన్ కేసు దీనికి బదులు చెప్పింది. చార్జ్ మెమో గానీ, క్రిమినల్ కేసులో చార్జిషీటు గానీ వచ్చాకే కవరు. అనుమానమో, ప్రాథమిక విచారణో చాలదు. పూర్తిగా నిర్దోషి అని తేలితే, పని చేయలేదు కాబట్టి జీతం లేదన్న సూత్రం అతనికి వర్తించదనీ చెప్పింది. పని చేయనివ్వనిది ప్రభుత్వమే కదా.

సమానత్వానికి రెండు కొలతలు

పదోన్నతుల్లో రిజర్వేషన్ల మీద నడిచినంత సుదీర్ఘ న్యాయపోరాటం మరొకటి లేదు. 1992లో ఇంద్రా సాహ్ని తీర్పు రిజర్వేషన్ నియామకాలకే, ప్రమోషన్లకు కాదన్నది. పార్లమెంటు 1995లో 77వ సవరణతో ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్‌ను నిలబెట్టింది. తర్వాత సీనియారిటీ చిక్కు వచ్చింది. రిజర్వేషన్ రోస్టర్ వల్ల ముందుగా పైకి వెళ్లిన దళిత ఉద్యోగి, తర్వాత అదే హోదాకు వచ్చిన పాత సీనియర్ కంటే పైన ఉంటాడా, కింద ఉంటాడా? కింద అని కోర్టు, పైన అని 2001లో 85వ సవరణ. 2006లో నాగరాజ్ కేసు సవరణలను సమర్థిస్తూనే లెక్కలు చూపమన్నది. 2018లో జర్నైల్ సింగ్ కేసు వెనకబాటుతనానికి లెక్క అక్కర్లేదు గానీ ప్రాతినిధ్యం చాలడం లేదని చూపాలన్నది.

ఈ తగవులో రెండు వైపులా ఉన్నది న్యాయం కోరే మనుషులే. కింది పోస్టుల్లో చేరడానికే తరాలు పట్టిన కుటుంబం నుంచి వచ్చినవాడు, నిర్ణయాలు జరిగే పై గదుల్లో తనవాళ్లెవరూ లేరేమని అడుగుతాడు. తన వంతు కోసం ఇరవై ఏళ్లు నిలబడినవాడు తన వరుస ఏమైందని అడుగుతాడు. ఇద్దరికీ సరైన జవాబు చెప్పాలంటే ఏ కేడర్‌లో ఎవరు ఎంతమంది ఉన్నారో ప్రభుత్వం నిజాయితీగా లెక్క తీసి బయటపెట్టాలి. ఇక్కడా అడుగుతున్నది కాగితమే.

ప్రైవేటు కొలువుల్లో

14, 16 అధికరణాలు ప్రభుత్వానికే పగ్గాలు వేస్తాయి. ప్రైవేటు కంపెనీలో రేటింగు తగ్గించి ప్రమోషన్ ఆపితే రిట్ వేయడానికి సాధారణంగా వీలుండదు. అయినా కార్మిక చట్టాల్లో కొన్ని దారులు ఉండేవి. యూనియన్‌లో తిరుగుతున్నాడని కార్మికుడి ప్రమోషన్ ఆపడాన్ని, 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం అన్యాయమైన పద్ధతుల జాబితాలో చేర్చింది. అప్పటిదాకానే అమల్లో ఉన్న సమాన వేతన చట్టానికి 1987లో చేసిన సవరణ ప్రమోషన్‌లోనూ స్త్రీల పట్ల వివక్ష చూపకూడదన్నది. హైదరాబాద్ ఐటీ సంస్థల్లోని టీమ్ లీడర్లకూ మేనేజర్లకూ మాత్రం రక్షణ చాలా పలచన. పర్యవేక్షణ చేసేవారిని, కొంత జీతం దాటితే, కార్మికుల నిర్వచనం తన గొడుగు కిందికి రానివ్వదు.

అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి చట్టం ప్రైవేటు కంపెనీలనూ బోనెక్కిస్తుంది. 1982లో ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలో భాగస్వామి హోదాకు 88 మంది పేర్లు వెళితే, వారిలో ఒకే ఒక్క మహిళ యాన్ హాప్‌కిన్స్. దాదాపు రెండున్నర కోట్ల డాలర్ల ప్రభుత్వ కాంట్రాక్టును సంస్థకు తెచ్చిపెట్టడంలో ఆమెది ముఖ్య పాత్ర. హోదా రాలేదు. ఆడవాళ్లలా నడవమనీ, మాట్లాడమనీ, మేకప్ వేసుకుని నగలు పెట్టుకోమనీ సలహా వచ్చింది. 1989లో సుప్రీంకోర్టు ఆ సలహానే వివక్షకు సాక్ష్యంగా పరిగణించింది. తర్వాత కింది కోర్టు ఆదేశంతో ఆమె భాగస్వామిగా సంస్థలోకి తిరిగొచ్చారు.

ఉద్యోగి చేయాల్సింది

కోర్టులు మొత్తుకుని చెప్పే మాట ఒకటుంది, ఆలస్యం చేయకండి. జూనియర్‌కు ప్రమోషన్ వచ్చిందని బాధపడేవారు ఆరు నెలల్లో, మహా అయితే ఏడాదిలో రావాలని 1974లోనే సుప్రీంకోర్టు అన్నది. తాత్కాలిక సీనియారిటీ జాబితా నోటీసు బోర్డు మీదికి రాగానే తన పేరు, చేరిన తేదీ, పరీక్షలు పాసైన తేదీ సరిచూసుకుని, గడువులోగా రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వాలి. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోవాలి. సీనియారిటీని ఏ జోన్ లెక్కన చూస్తారన్నది, ఉద్యోగాలను జోన్లుగా విడగొట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వు నాటి నుంచి తెలుగు ఉద్యోగికి ఇంకో ముడి. జిల్లాలు, జోన్లు మారినప్పుడల్లా తన పేరు ఏ జాబితాలోకి వెళ్లిందో చూసుకోవడం తప్పనిసరి.

దేవ్ దత్ కేసుకు వద్దాం. ఏ గ్రేడు రాసినా, అది ‘వెరీ గుడ్’ అయినా సరే, ఉద్యోగికి చెప్పి తీరాలన్నది కోర్టు. కావాల్సిన కొలత ‘వెరీ గుడ్’ అయినప్పుడు ‘గుడ్’ అన్న మాట మెచ్చుకోలు కాదు, అడ్డుగోడే. ఆ ‘గుడ్’ సంగతి రెండు నెలల్లో ఆయనకు తెలపాలని, ఆయన అభ్యంతరం వినాలని, గ్రేడు పెరిగితే వెనకటి తేదీ నుంచి ప్రమోషన్‌కు పరిశీలించి, ఎంపికైతే పెరిగిన పింఛనునూ, జీతం బకాయిలనూ 8 శాతం వడ్డీతో చెల్లించాలని ఆదేశించింది. మరుసటి ఏడాది కేంద్రం వార్షిక నివేదిక మొత్తాన్నీ ఉద్యోగికి చూపించాలని ఉత్తర్వు ఇచ్చింది. 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఈ సూత్రాన్ని ఖాయం చేశారు. ఇవాళ కేంద్ర ఉద్యోగి తన నివేదిక చూసుకుని, పదిహేను రోజుల్లోగా అభ్యంతరం రాసుకోవచ్చు. కాగితం చూపించడమనే సగం పని అలా కుదిరింది.

వేళకు చూడడమనే మిగతా సగం ఇంకా కుదరలేదు. పశ్చిమ బెంగాల్‌లో అమల్ సత్పతి అనే శాస్త్రవేత్తను ప్రమోషన్‌కు సిఫారసు చేస్తూ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2016 డిసెంబరు 29న కాగితం పంపింది. డిసెంబరు 31న ఆయన రిటైరయ్యారు. తుది ఆమోదం 2017 జనవరి 4న వచ్చింది. పై పోస్టులో బాధ్యతలు స్వీకరించలేదు కాబట్టి పింఛను కోసమైనా ఆ హోదా ఇవ్వడం కుదరదని 2024 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1న మొదలవుతుంది. ఆ ఏడాది ఎవరు రిటైరవుతారో, ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో ప్రతి ఆఫీసులోని సర్వీసు రిజిస్టర్లలో ముందే రాసి ఉంటుంది.